వెనక గేటు మనిషి వచ్చేదాకా

పైపు ఆపమన్నారు. నేను ఆపలేదు. ఈ మాట మొదటే చెప్పేస్తే తర్వాత ఎవరికీ అనుమానం ఉండదు. తిత్తి చెడిపోయిందని కొందరు, ఎండదెబ్బకు మతి తప్పిందని కొందరు, పొద్దున్నే కల్లు పట్టించి వచ్చానని ఒకరిద్దరు అప్పట్లో చెప్పుకున్నారు. మూడూ అబద్ధాలే. తిత్తి బాగుంది, మతి బాగుంది, కల్లు ముట్టే అలవాటు నాకు లేనే లేదు.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న మా పాత బ్యాండులో పనిచేస్తున్న ఇద్దరు చిల్కానగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. ఏదో పుస్తకం వేస్తున్నారట, పాతవాళ్ల జ్ఞాపకాలు కావాలట. చాయ్ తాగుతూ అడిగాను, గార్డు మారేటప్పుడు ఇప్పుడు బ్యాగ్‌పైపు వాయించేది ఎవరని.

"స్పీకర్ల పెడ్తున్నం తాతా. మూడు నిమిషాలల్ల అయిపోతది," అన్నాడు ఒకడు.

"మరి ఎనక గేటు కాడ ఉన్నోడు?"

"ఆడ కెమెరా ఉంది తాతా."

నాకు కోపం వచ్చింది. వాళ్ల మీద కాదు, ఆ మూడు నిమిషాల మీద. దానితో నాకు పాత పగ ఉంది. అందుకే కాగితం తీశాను.

ఉప్పల్ దాటాక ఉండేది మా సాయుధ పోలీసు పటాలం. పేరు అక్కర్లేదు, తెలిసినవాళ్లకు తెలుస్తుంది. మాది ఘట్‌కేసర్ దగ్గర పల్లె. మా నాయన డప్పు కొట్టేవాడు. మేం ప్రార్థనలకు పోవడం మొదలుపెట్టాక ఊరి పనులకు కొట్టడం మానేసి క్రిస్మస్‌కు మాత్రం కొట్టేవాడు, అదీ పాస్టరుగారు చెవులు మూసుకునేంత గట్టిగా. నేను అరవైల మొదట్లో సిపాయిగా చేరాను. బ్యాండు ఉస్తాద్ నన్ను ఏరుకున్న తీరు చెబితే మీరు నవ్వుతారు. వంటశాలలో పచ్చికట్టెలు పెట్టి పొయ్యి ఊదమన్నారు. పదిమందిమి ఊదాం. నా పొయ్యి అంటుకుంది. "ఈనికి ఊపిరి ఉంది," అని చెయ్యి పట్టుకుని బ్యాండు గదికి తీసుకెళ్లారు.

ఉస్తాద్ పాత సర్కారు పల్టన్‌లో పైపు వాయించినవారు. సర్కారు పోయింది, పల్టన్ పోయింది, ఆయన పైపు మాత్రం ఆయన భుజం మీదే ఉండిపోయింది. ఇది దొరల వాయిద్యం, మీకు రాదు అని ఎవరైనా అంటే ఆయనకంటే ముందు నాకు మండేది. మా వైపు కథలు చెప్పేవాళ్ల వెనక శ్రుతికి తిత్తి ఊదేవాళ్లు లేరా? తోలు అదే, ఊపిరి అదే. ఇది గీతల గుడ్డ కట్టుకుంది, అంతే తేడా.

గార్డు మార్పు సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నా గొడవ అర్థం కాదు. రోజూ పొద్దున ఎనిమిదింటికి పాత గార్డు, కొత్త గార్డు, అంటే కాపలా జట్లు, ముందు గేటు దగ్గర ఎదురెదురుగా నిలబడతాయి. బ్యాండంతా కలిసి వాయించి ఆగుతుంది. అప్పుడు ఒకే ఒక్క పైపు మెల్లని పాట ఎత్తుకుంటుంది. హవల్దారు కొత్త సంత్రీలను వెంటబెట్టుకుని మూడు చోట్లకు వెళ్తాడు: ముందు గేటు, తుపాకుల గది, వెనక గేటు. ఒక్కోచోట కొత్తవాణ్ణి నిలబెట్టి పాతవాణ్ణి తీసుకొస్తాడు. మూడో మనిషి వచ్చి పాత గార్డు వరసలో కలిసేదాకా పైపు ఆగకూడదు, ఎవరూ కదలకూడదు. మధ్యలో ఆగిందంటే ముందర ఏదో ప్రమాదం జరిగిందని గుర్తు. హవల్దారు ఎక్కడుంటే అక్కణ్ణుంచి మనుషులతో గేటుకు పరుగెత్తి రావాలి.

ఆ వెనక గేటు నాచారం వైపు ఉండేది. బారకులకు అవతల, పెద్ద పెద్ద గుండ్ల చాటున. పక్కనే తూటాలు దాచే రాతిగది, అందుకే అక్కడి సంత్రీ ఏం జరిగినా చోటు విడవకూడదు. చెట్టు లేదు, నీడ లేదు. అక్కడ నిలబడ్డవాడికి ముందు గేటు కనపడదు.

నేను పైపు పట్టిన మొదటి ఎండాకాలంలోనే ఆ చోట నిలబడ్డవాడి ప్రాణం మీదికి తెచ్చాను. తిత్తి తోలు ఎండిపోయి గాలి వదిలేయకుండా లోపల తేనె పోసి నానబెడతారు. ఆ రోజుల్లో మా దగ్గర తేనె అయిపోయింది. ఉస్తాద్ సెలవులో ఉన్నారు, ఆయన బదులు ఒంటరి పైపు నాకు పడింది. తీపే కదా, ఏ తీపైతే ఏం అనుకుని బెల్లం పాకం పోశాను. నా తెలివికి నేనే మురిసిపోయి తిత్తిని గోడకు వేలాడదీసి పడుకున్నాను.

పొద్దున గార్డు మార్పులో రెండో చుట్టు పాట నడుస్తుండగా పెదవి మీద చురుక్కుమంది. తర్వాత నాలుక మీద. గోడ పట్టిన చీమలన్నీ తిత్తిలో కాపురం పెట్టి ఉన్నాయి. వాటిలో కొన్ని పోయి శబ్దం పలికే రీడు పుల్లలో ఇరుక్కున్నాయి. పైపు మేకపిల్లలా ఒకసారి అరిచి నోరు మూసుకుంది. వెనక గేటు దారిలో సగం దూరం పోయిన హవల్దారు ప్రమాదమనుకుని మనుషులతో పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఇక్కడ చూస్తే నేను చీమలు ఉమ్ముతున్నాను. అందరూ ఒకటే నవ్వు. ఆ నవ్వులో గార్డు మార్పును చాలించేశారు. వెనక గేటు దగ్గర ఒకడు ఉన్నాడని ఎవరికీ గుర్తు లేదు, నాకు అసలే లేదు.

అతను మా పక్క ఊరివాడు. చుట్టరికం లేకపోయినా నాకు బావ. ఆరింటికి నిలబడ్డ మనిషి ఎనిమిదింటికి రావాల్సింది, మధ్యాహ్నం అన్నాలు వడ్డించేటప్పుడు ఒక పళ్లెం మిగిలితే అప్పుడు వెతికారు. రాతి మీద బోర్లా పడి ఉన్నాడు. పడేటప్పుడు తుపాకి మొన గడ్డానికి తగిలి ఎముక కనిపించేలా చీరుకుపోయింది. దవాఖానాలో కుట్లు వేశారు. నేను మంచం పక్కన ఏడుస్తూ కూర్చుంటే కుట్లతోనే అన్నాడు.

"చీమలు బతికినయా బావా?"

తర్వాత ఇరవై ఏళ్లు నన్ను చూసినప్పుడల్లా అదే అడిగాడు. క్షమించాడని అనుకోకండి. మరచిపోనివ్వలేదు, అంతే.

ఉస్తాద్ సెలవు నుంచి వచ్చి నన్ను తిట్టలేదు. మర్నాడు నన్ను వెనక గేటు సంత్రీ పక్కన నిలబెట్టి, తాను ముందుకు వెళ్లి వాయించారు. గుండ్ల మీదుగా పైపు సన్నగా వచ్చింది. ఎనిమిది దాటాక నాచారం ఫ్యాక్టరీ సైరన్ మోగితే అది కాస్తా మునిగిపోయింది, మళ్లీ తేలింది. హవల్దారు దళం వచ్చేదాకా అక్కడ చెవి తప్ప ఇంకేదీ పని చేయదని తెలిసింది. సాయంత్రం బ్యాండు గదిలో చెప్పారు.

"సూడు బేటా. ముందల నిలబడ్డోళ్లకు కండ్లున్నయ్. ఎనక ఉన్నోనికి చెవులే ఉన్నయ్. పైపు సాబ్ కోసం కాదు, ఆని కోసం. అది ఇనబడ్తున్నంత సేపు నన్ను తీస్కపోనీకి వస్తున్నరు అనుకుంటడు. ఆని మనిషి రాకముందే ఆపితివా, నిన్ను మర్శినం అని జెప్పినట్టే."

నేను ఉద్యోగంలో నేర్చుకున్న చదువు ఇంతే. మిగతాదంతా బూట్లు తుడవడం.

ఉస్తాద్ రిటైరయ్యారు. ఒంటరి పైపు నాకు వచ్చింది. పంతొమ్మిది వందల డెబ్బై దాటిన కొత్తల్లో మాకు కొత్త అడ్జుటెంట్ వచ్చాడు, కవాతులు చూసుకునే అధికారి. చెడ్డవాడని చెప్పను. ఆయనకు ప్రతిదీ అందంగా కనపడాలి, అదొక్కటే జబ్బు. గులకరాళ్లకు సున్నం వేయించాడు. గుర్రపు బండిని ఆ దారిలో రాకుండా ఆపించాడు, పేడ కనపడుతుందని. ఆ మే నెలలో పైనుంచి ఒక పెద్ద అధికారి గార్డు మార్పు చూడటానికి వస్తున్నాడని తెలిసేసరికి ఆయనకు నిద్ర పట్టలేదు. మమ్మల్నీ పడుకోనివ్వలేదు.

సంత్రీలను వరసగా నిలబెట్టి ముఖాలు చూసి ఏరాడు. పొడుగువాళ్లు, నున్నటివాళ్లు ముందుకు. బావ దగ్గరకొచ్చి గడ్డం మీద మచ్చ చూశాడు.

"ఇతన్ని వెనక గేటుకు వేయండి," అన్నాడు.

ఆ మచ్చ దేవుడిచ్చింది కాదు, నేనిచ్చింది.

ఇంకా ఉంది. ముందు సాయంత్రం రిహార్సల్లో కొత్త పద్ధతి చెప్పాడు. వెనక గేటుకు పోయి రావడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది, అంతసేపు అతిథిని ఎండలో నిలబెడితే బాగుండదు. కాబట్టి దళం బారకుల చాటుకు వెళ్లి నీడలో ఆగి వెంటనే తిరిగి రావాలి. పైపు మూడు నిమిషాలు. వెనక గేటు మనిషిని అతిథి చాయ్, టిఫిన్, ఫోటోలు అయ్యాక మార్చవచ్చు.

నేను ఒక అడుగు ముందుకేశాను. "సార్, పైపు బంద్ అయితే ఎనకున్నోడు తన మనిషి వస్తలేడనుకుంటడు సార్."

"అనుకోనీ. వెనక ఎవరు చూస్తారయ్యా?"

పైన పటారం, లోన లొటారం అంటారే, అది నా కళ్ల ముందే యూనిఫాం వేసుకుని నిలబడింది.

ఆ సాయంత్రం బావకు చెప్పాను. అతను తేలిగ్గా తీసుకున్నాడు. "పోనీ తీ బావా. ఎండల నిలబడుడు నాకు కొత్తనా? నువ్వు గిట్ల కొట్లాడితే నీ పైపు గుంజుకుంటరు. నీకు అదొక్కటే వచ్చు." బ్యాండులో పెద్ద డోలు వాయించే అన్న కూడా అదే అన్నాడు. ఇంట్లో మా ఆవిడ నా ముఖం చూసి, "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నాకెర్కే," అని అన్నం పెట్టింది. అందరికీ అవుననే చెప్పాను. నిజానికి నేను కూడా మూడు నిమిషాలకే ఆపాలని అనుకుని పడుకున్నాను. పైపు పోతే నేనేమిటి? పొయ్యి ఊదేవాణ్ణి.

మర్నాడు అతిథి తొమ్మిదికి రావాలి, పదకొండు దాటాక వచ్చాడు. బావ ఆరింటి నుంచి వెనక గేటులో ఉన్నాడు. అతిథి వచ్చేదాకా ఎవరినీ కదిలించవద్దని ఆర్డరు. ఐదు గంటలు. నీళ్లు పంపిద్దామంటే అదీ వద్దన్నారు, బిందె పట్టుకుని మనిషి దాటితే మైదానం పాడవుతుందట.

బ్యాండు వాయించి ఆగింది. నేను పాట ఎత్తుకున్నాను. దళం బూట్లు చప్పుడు చేస్తూ బారకుల చాటుకు పోయింది. మూడు నిమిషాలకు అంతే చప్పుడుతో తిరిగి వచ్చింది. పాత సంత్రీలు ఇద్దరే వరసలో కలిశారు. హవల్దారు సెల్యూట్ కొట్టి, "అన్ని పోస్టులు మారినయ్ సార్," అన్నాడు. అన్నాడే గానీ నా వైపు చూడలేకపోయాడు. చీమల రోజు పరుగెత్తుకొచ్చిన హవల్దారే అతను.

నా చెయ్యి తిత్తిని వదలడానికి సిద్ధంగానే ఉంది. వదలబోతూ అనుకున్నాను, ఇప్పుడు ఆగితే అక్కడ బావకు వినపడుతుంది. రెండోసారి. ఒకసారి చీమలు ఆపాయి, ఈసారి నేను ఆపుతున్నాను. తిత్తిని ఇంకా గట్టిగా నొక్కి పాట మళ్లీ మొదటి నుంచి ఎత్తుకున్నాను.

పైపు మోగినంత సేపు అందరూ కదలకుండా నిలబడాలి కదా. నిలబడ్డారు. అతిథి నిలబడ్డాడు, ఆయన భార్య నిలబడింది, షామియానా కింద ఉన్న పెద్దలంతా నిలబడ్డారు. వెనక గేటు దగ్గర మనిషి నిలబడ్డట్టే. నాకు దాంట్లో తప్పేమీ కనపడలేదు. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని తర్వాత నన్ను అన్నారు. అననీయండి.

అడ్జుటెంట్ మొదట కనుబొమలతో చెప్పాడు. తర్వాత చేత్తో. తర్వాత పక్కగా నడిచి వచ్చి పళ్ల సందులోంచి, "ఆపు. వినపడుతోందా? ఆపు," అన్నాడు. నోట్లో గొట్టం ఉన్నవాణ్ణి జవాబు అడగడం ఆయన తప్పు. నేను ఊదాను. ఊపిరి తడబడుతుండగా నా వెనక పెద్ద డోలు 'ధమ్' అంది. ఒక్క దెబ్బ. కాసేపాగి ఇంకొకటి. నాకు ఊపిరి లెక్క తప్పకుండా అన్న కొడుతున్నాడు. ముందు రోజు వద్దన్న మనిషే.

ఎంతసేపు వాయించానో తెలియదు. పావుగంట అని ఒకరు, అరగంట అని ఒకరు అంటారు. నా పెదవులను అడిగితే పూటంతా అంటాయి. చివరికి కమాండెంట్ సాబ్, మా పెద్దసాబ్, పాత గార్డు వరస వైపు చూశారు. ఒకటి, రెండు. మళ్లీ చూశారు. ఆయనకు అర్థమైంది. హవల్దారును పిలిచి ఒకే మాట అడిగారు.

"మూడోవాడు ఏడి?"

హవల్దారు కొత్త సంత్రీని తీసుకుని పరుగు లాంటి నడకతో వెళ్లాడు. ఆ వెళ్లడం నిజంగా వెనక గేటుకే. చాలాసేపటికి ఇద్దరు వచ్చారు, హవల్దారు, బావ. బావ చొక్కా పిండితే నీళ్లు కారేటట్టు ఉంది. ముఖం కందిపోయింది. అయినా అడుగు తప్పలేదు. వరసలో కలిసి మడమలు కొట్టాడు. అప్పుడు ఆపాను.

అతిథి చాయ్ తాగుతూ, "మీ ఆచారం చాలా పెద్దది," అన్నాడట. మెచ్చుకున్నాడో, తిట్టాడో ఈనాటికీ తేలలేదు.

సాయంత్రం పిలిచారు. బల్ల మీద టైపు కొట్టిన కాగితం ఉంది. తిత్తి మూత బిగుసుకుపోవడం వల్ల పైపు ఆగలేదు, అందుకు చింతిస్తున్నాను అని దాని సారాంశం. సంతకం పెడితే ఏ శిక్షా లేదు. అడ్జుటెంట్ మంచిగానే చెప్పాడు, నా మేలు కోరే చెప్పాడు.

"సార్, పైపు దానంతట అది ఆగిపోతది, నేను సూసిన. దానంతట అది ఆగకుండ ఉండుడు ఎక్కడ లేదు సార్," అన్నాను. "ఆపంది నేను."

"పైపు పోతుంది."

"పోనీ సార్."

ఆ కాగితం మీద సంతకం పెడితే ఉస్తాద్ చేతి పైపు మీద అబద్ధం చెప్పినట్టే. నా తప్పు చీమల రోజుది. దానికి ఎన్ని కాగితాలైనా రాసిచ్చేవాణ్ణి, ఎవరూ అడగలేదు. డోలు అన్న మాత్రం చెయ్యి జారి కొట్టానని రాసిచ్చాడు. ఆయనకు నలుగురు పిల్లలు. నేను ఏమీ అనుకోలేదు. ఆ దెబ్బలు నాకు ముట్టాయి, చాలు.

బావ కోసం మనిషిని పంపింది పెద్దసాబే, నా శిక్ష మీద సంతకం పెట్టిందీ ఆయనే. ఆర్డరు ఆర్డరే అన్నారు. పైపు అప్పగించి మూడు నెలలు వెనక గేటు సంత్రీగా నిలబడాలి. నాకు నవ్వొచ్చింది. ఆయన తెలిసి వేశారో, తెలియక వేశారో.

మొదటి రోజు ఆరింటికి వెళ్లి నిలబడ్డాను. బ్యాండు గది గోడకు అప్పటికే కొత్త ఆర్డరు అంటించి ఉంది, ఒంటరి పైపు మూడు నిమిషాలకు మించరాదని. ఇప్పుడు వాయించేది నా తర్వాతివాడు. తేనె తప్ప ఇంకేదీ పోయకూడదని నా దగ్గరే నేర్చుకున్నవాడు. నెమ్మదస్తుడు, ఎవరికీ ఎదురు చెప్పడు.

ఎనిమిదైంది. బ్యాండు వినపడింది, ఆగింది. ఒంటరి పైపు మొదలైంది. నేను లోపల లెక్కపెట్టుకుంటున్నాను. రెండు నిమిషాలు దాటి మూడో నిమిషం నడుస్తుండగా నాచారం సైరన్ లేచింది. చెవుల నిండా అదే. పైపు ఉందో లేదో తెలియదు. ఇప్పటిదాకా మీకు ఇన్ని పెద్ద మాటలు చెప్పిన నేను ఆ నిమిషం భయపడ్డాను. నన్ను మరిచిపోయారు అనిపించింది. బావ ఆ రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా ఏమనుకుని ఉంటాడో అప్పుడే తెలిసింది, అంతకు ముందు నాకు తెలిసిందంతా ఉత్తదే.

సైరన్ ఆగింది. పైపు ఉంది.

మూడు దాటింది, ఐదు దాటింది, ఇంకా ఉంది. గుండ్ల మలుపులో బూట్ల చప్పుడైంది. హవల్దారు వెనక నా బదులు నిలబడటానికి వచ్చింది బావ. అడిగి వేయించుకున్నాడట. తుపాకి భుజం మార్చి నా చోట్లోకి వస్తూ, పెదవులు కదలకుండా అడిగాడు.

"సైరన్ల పైపు ఇనబడ్డదా బావా?"

"లేదు."

"భయమైందా?"

"అయింది."

"మంచిగైంది," అన్నాడు.

ఆ మూడు నెలల్లో ఒక్కరోజు కూడా మూడు నిమిషాలకు పైపు ఆగలేదు. ఆ నెమ్మదస్తుణ్ణి ఎవరూ కాగితం అడగలేదు. అందరినీ వెనక గేటుకు పంపితే ముందర వాయించేది ఎవరు? గోడ మీద ఆర్డరు మాత్రం ఎండకు పసుపు పట్టి, వానకు జారి, చివరికి ఊడిపోయింది.

ఆ మొదటి రోజు హవల్దారు వెంట బారకులు దాటి మైదానంలోకి వచ్చాను. అడ్జుటెంట్ గడియారం చూసుకుంటున్నాడు. పైపు వాయించేవాడి మెడ నరాలు ఉబ్బి ఉన్నాయి, కళ్లు మాత్రం బారకుల మూల మీదే ఉన్నాయి. నన్ను చూశాడు. అయినా ఆపలేదు. నేను నడిచి, వరసలో చేరి, మడమలు కొట్టాను. అప్పుడు ఆపాడు.